పిల్లల బరువు, పెద్దల ఫోను: యాప్‌లను ఎలా వాడాలి, ఎక్కడ పక్కన పెట్టాలి

పిల్లాడు లావవుతున్నాడని అనుమానం రాగానే ఈ రోజుల్లో చాలామంది ముందు ప్లేస్టోర్ తెరుస్తున్నారు. కేలరీలు లెక్కపెట్టే యాప్ ఒకటి దించుకుంటారు. పిల్లాడి పేరు, వయసు, బరువు కొడతారు. నాలుగు రోజులపాటు ప్రతి ఇడ్లీనీ నమోదు చేస్తారు. అయిదో రోజున పిల్లాడు "నేను ఇది తింటే రెడ్ వస్తుందా అమ్మా?" అని అడగడం మొదలుపెడతాడు. రెండు వారాలు గడిచాక ఆ యాప్‌ను తెరిచేవాళ్లుండరు, పిల్లాడిలో ఆ బెరుకు మాత్రం మిగిలిపోతుంది.

యాప్ పనికిరాదని కాదు. దాన్ని ఎవరి మీద పెడుతున్నామన్నదే అసలు విషయం. పదేళ్ల పిల్ల కూరగాయలు కొనదు, నూనె పొయ్యదు, రాత్రి పదిన్నరకు బిర్యానీ ఆర్డర్ పెట్టదు, స్కూల్ వ్యాన్ ఎన్నింటికి రావాలో నిర్ణయించదు. ఇవన్నీ పెద్దవాళ్ల చేతిలో ఉన్నవి. కాబట్టి యాప్ పెద్దవాళ్ల ఫోన్లో ఉండాలి, ఇంటి అలవాట్లను లెక్కపెట్టాలి. కింద చెప్పేవి ఒకటి రెండు తప్ప అన్నీ ఈ ఒక్క షరతు మీద నడుస్తాయి. పన్నెండేళ్లలోపు పిల్లలకైతే మీరు యాప్ వాడుతున్న సంగతే తెలియనక్కర్లేదు.

మొదటి మెట్టు: నిజంగా సమస్య ఉందా?

మన ఇళ్లలో రెండు రకాల పొరపాటు అంచనాలు ఉంటాయి. బొద్దుగా ఉంటేనే ఆరోగ్యం అనుకునేవాళ్లు ఒకవైపు, పక్కింటి సన్నటి పిల్లాడితో పోల్చి బెంగపడేవాళ్లు ఇంకోవైపు. కంటితో చూసి తేల్చే పని కాదిది, కొలవాలి.

ఎత్తు: చెప్పులు, జడ క్లిప్పులు తీసేసి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. చూపు నేరుగా ముందుకు ఉండాలి. తల మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీయండి, టేపుతో కొలవండి. బరువు: పొద్దున్నే, టిఫిన్‌కు ముందు, పలచని బట్టలతో. ప్రతిసారీ అదే మిషన్. నెలకు ఒక్కసారి చాలు. రోజూ మిషన్ ఎక్కిస్తే వచ్చేది టెన్షనే.

ఇక్కడ చాలామంది పెద్దవాళ్ల బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) కాలిక్యులేటర్‌లో పిల్లల అంకెలు కొట్టేస్తారు. అది తప్పు. ఉదాహరణకు 9 ఏళ్ల బాబు, ఎత్తు 135 సెంటీమీటర్లు, బరువు 41 కిలోలు అనుకుందాం. బీఎంఐ 22.5 వస్తుంది. పెద్దవాళ్ల యాప్ అయితే నార్మల్ అని పచ్చరంగు చూపిస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో 9 ఏళ్ల మగపిల్లలకు స్థూలకాయం గీత సుమారు 20.5 దగ్గరే ఉంటుంది. అంటే ఆ బాబు ఆ గీత ఎప్పుడో దాటేశాడు. పిల్లల బీఎంఐని వాళ్ల వయసుతో, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదానితో కలిపి చూస్తేనే అర్థం ఉంటుంది.

మన దేశంలో 5 నుంచి 18 ఏళ్ల పిల్లలకు పిల్లల డాక్టర్లు వాడేవి పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (ఐఏపీ) 2015లో ఇచ్చిన చార్టులు. అయిదేళ్లలోపు వాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 ప్రమాణాలు. ఐఏపీ చార్టులు ఉచిత మొబైల్ యాప్‌గా కూడా ఉన్నాయి. పుట్టిన తేదీ, ఎత్తు, బరువు ఇస్తే చుక్క ఎక్కడ పడిందో చూపిస్తుంది. చార్టులో 23, 27 అని రెండు ప్రత్యేకమైన గీతలు కనిపిస్తాయి. అవి పెద్దయ్యాక బీఎంఐ 23, 27కు చేరే దారులు. 23 గీత దాటితే అధిక బరువు, 27 గీత దాటితే స్థూలకాయం. భారతీయుల్లో తక్కువ బరువుకే షుగర్, బీపీ ముప్పు మొదలవుతుంది కాబట్టి పాశ్చాత్య దేశాల 25, 30 గీతలను ఇక్కడ పెట్టలేదు. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లకు అక్కడి డాక్టరు సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) చార్టు చూపిస్తారు, అందులో స్థూలకాయానికి 95వ పర్సంటైల్ లెక్క, అంటే అదే వయసు నూరుమందిలో 95 మందిని దాటితే. ఏదో ఒక చార్టుకే కట్టుబడండి. సెలవులకు వచ్చినప్పుడు ఒక చార్టు, వెళ్లాక ఇంకోటి చూస్తే అయోమయమే మిగులుతుంది.

ఈ మెట్టు మీదే ఆగి డాక్టర్ని కలవాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోతే (థైరాయిడ్, ఇతర హార్మోన్ల సమస్యలు ఇలాగే కనిపిస్తాయి), మెడ వెనక, చంకల్లో నల్లగా మందంగా మారితే, రాత్రి గట్టిగా గురక పెడుతుంటే, తుంటి లేదా మోకాలు నొప్పితో కుంటుతుంటే, ఆస్తమా లాంటి వాటికి స్టిరాయిడ్ మందులు వాడుతుంటే. మెడ మీది నలుపును మట్టి అనుకుని పీచుతో రుద్దే అమ్మలు చాలామంది ఉన్నారు. అది తరచుగా ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. 2016-18లో జరిగిన జాతీయ సమగ్ర పోషకాహార సర్వేలో స్కూలు వయసు పిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరికి ప్రీడయాబెటిస్ (షుగర్ జబ్బుకు ముందు దశ) కనిపించింది. వీళ్లందరూ లావుగా ఉన్న పిల్లలు కూడా కాదు.

రెండో మెట్టు: లక్ష్యం ముందే రాసుకోండి

యాప్ తెరవగానే "ఎన్ని కిలోలు తగ్గాలి?" అని అడుగుతుంది. ఎదిగే పిల్లల విషయంలో చాలాసార్లు ఈ ప్రశ్నకు జవాబు సున్నా. పైన చెప్పిన బాబునే తీసుకోండి. ఏడాదిలో ఆరు సెంటీమీటర్లు పెరిగి 141కి వచ్చాడు, బరువు 41 దగ్గరే నిలిచింది అనుకుందాం. బీఎంఐ 22.5 నుంచి 20.6కు దిగుతుంది. ఒక్క కిలో తగ్గకుండానే. అందుకే చాలామంది పిల్లలకు డాక్టర్లు చెప్పేది బరువు నిలబెట్టమనే. నిజంగా తగ్గించాల్సిన అవసరం ఉందో లేదో, ఎంతో, డాక్టరే చెప్పాలి. ఫోన్లో లక్ష్యం రాసుకునేటప్పుడు కిలోలు వద్దు. "ఇంట్లోకి కూల్‌డ్రింక్ రాదు", "సాయంత్రం ఆట", "తినేటప్పుడు టీవీ ఆఫ్" లాంటి పనులు రాసుకోండి.

మూడో మెట్టు: కొత్త యాప్ వద్దు, ఉన్న యాప్‌ల చిట్టా చదవండి

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మెట్టు ఇదే. దీని గురించి ఎవరూ చెప్పరు. మీ ఇంటి తిండి చరిత్ర మీ ఫోన్లో ఇప్పటికే ఉంది. స్విగ్గీ, జొమాటో, బ్లింకిట్, జెప్టో, బిగ్‌బాస్కెట్, ఏది వాడితే అది తెరిచి ఆర్డర్ హిస్టరీలోకి వెళ్లండి. గత నెల మొత్తం చూస్తూ ఒక కాగితం మీద అయిదు వరుసలు రాయండి: నూనె, పంచదార, తియ్యటి డ్రింకులు, బిస్కెట్లూ చిప్సూ, బయటి భోజనం. కిరాణా కొట్లో కొనేవాళ్లు నెల చీటీ చూడొచ్చు, ఫోన్‌పే చిట్టాలో బేకరీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు లెక్క. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్ల నూనె అయిందనుకోండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. 4,550 గ్రాములను నలుగురికీ ముప్పై రోజులకూ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు సూచించే 2000 కేలరీల ప్లేటులో నూనె, కొవ్వులు కలిపి 27 గ్రాములు. మన లెక్కలో బయటి పునుగులు, మిర్చి బజ్జీలు, పఫ్‌లు ఇంకా కలవలేదు. గ్రాము నూనెకు 9 కేలరీలు. మనిషికి రోజూ 11 గ్రాములు ఎక్కువైతే దాదాపు వంద కేలరీలు ఎక్కడ్నుంచో కాదు, తాలింపు గిన్నెలోంచే వస్తున్నాయి.

పంచదార కూడా ఇలాగే. నెలకు 5 కిలోలు, నలుగురు మనుషులు: తలా రోజుకు దాదాపు 42 గ్రాములు. కలిపిన చక్కెర మొత్తం కేలరీల్లో 10 శాతం దాటొద్దని, 5 శాతంలోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1600 కేలరీలు తినే పిల్లకు 10 శాతం అంటే 40 గ్రాములు, 5 శాతం అంటే 20. అంటే బిస్కెట్, చాక్లెట్, జ్యూస్ ముట్టకపోయినా ఇంటి డబ్బాలోంచే కోటా అయిపోయింది. పండగ నెలలో ఈ లెక్క వేయకండి, మామూలు నెల తీసుకోండి. సంక్రాంతి అరిసెలతో పిల్లలు లావెక్కరు. అప్పుడప్పుడు వచ్చే వంటలకంటే ప్రతిరోజూ జరిగేదే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

లెక్క తేలాక చేయాల్సింది చిన్న పని. ఆ యాప్‌లో సేవ్ అయి ఉన్న "మళ్లీ ఆర్డర్ చేయండి" జాబితాలోంచి రెండు వస్తువులు మానేయండి. ముందు తియ్యటి డ్రింకులు. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇంట్లో ఉన్న సీసాను తాగొద్దని పిల్లలతో గొడవపడటం కంటే అసలు తేకపోవడం సులువు. నూనెకైతే నెలకు అయిదు ప్యాకెట్లకు బదులు నాలుగే ఆర్డర్ పెట్టండి. వంటలో సర్దుబాటు దానంతటదే జరుగుతుంది.

నాలుగో మెట్టు: ప్యాకెట్ మీద ఫోన్ పెట్టండి

ప్యాకెట్ వెనక అక్షరాలు చీమల్లా ఉంటాయి. ఓపెన్ ఫుడ్ ఫ్యాక్ట్స్ అనే ఉచిత యాప్‌తో బార్‌కోడ్ స్కాన్ చేస్తే వివరాలు పెద్దగా కనిపిస్తాయి. 2012లో ఫ్రాన్స్‌లో మొదలైన ఈ డేటాబేస్‌ను వాడేవాళ్లే నింపుతారు, కాబట్టి మన స్థానిక బ్రాండ్లు కొన్ని దొరకవు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్ఎస్ వారి ఫుడ్ స్కానర్ ఉంది.

దొరకనప్పుడు ఫోన్ కెమెరాతో ఫొటో తీసి జూమ్ చేసి చదవండి, అంతే. చూడాల్సినవి మూడు. ఒకటి, పదార్థాల జాబితా. ఎక్కువ బరువున్నది ముందు రాయాలన్నది రూలు. మొదటి మూడింటిలో పంచదార, లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, పామాయిల్ కనిపిస్తే ఆ ప్యాకెట్ ఎప్పుడో ఒకసారి తినేది. రెండు, కలిపిన చక్కెర, అదీ 100 గ్రాములకు. "ఒక సర్వింగ్‌కు" అని రాసిన అంకెను నమ్మకండి, ఆ సర్వింగ్ మూడు బిస్కెట్లో నాలుగు చిప్సో అయి ఉంటుంది. మూడు, ముందువైపు రాతలు. ఓట్స్, మల్టీగ్రెయిన్, బాదం బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల అవే ఉన్నట్టు కాదు. పాలల్లో కలిపే పొడుల సంగతే చూడండి. వాటిని హెల్త్ డ్రింక్స్ కేటగిరీలో అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది.

ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు ఈ స్కానింగ్ సరదాగా ఉంటుంది. సూపర్‌మార్కెట్లో "రెండు బిస్కెట్లలో దేనిలో చక్కెర తక్కువో కనిపెట్టు" అంటే వాళ్లే వెతుకుతారు. పిల్లల చేతికి యాప్ ఇవ్వదగ్గ చోటు ఇదొక్కటే అంటాను. అక్కడ మార్కులు పడేది ప్యాకెట్‌కు.

అయిదో మెట్టు: వారం రోజుల డైరీ

కేలరీలు కాదు, ఏం తిన్నారు, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని. ఇందుకు వాట్సాప్ చాలు. మీకు మీరే మెసేజ్ పెట్టుకునే చాట్ తెరిచి "4:30, పఫ్, వ్యాన్‌లో" అనో "8:15, పప్పన్నం, టీవీ ముందు" అనో రాసుకోండి. అమ్మానాన్నలిద్దరూ ఒక చిన్న గ్రూపు పెట్టుకుంటే ఇంకా మంచిది. ఒక వారం చాలు. ఏడో రోజు వెనక్కి చదివితే ఒక సమయం దగ్గర కన్ను ఆగుతుంది. చాలా ఇళ్లలో అది స్కూలు వదిలాక, భోజనానికి ముందు ఉండే మూడు గంటలు. మధ్యాహ్నం క్యారియర్ సగం తిని వస్తారు, ఆకలితో దొరికింది లాగిస్తారు. అప్పటికి ఉడకబెట్టిన శనగలో, గుడ్డో, జామకాయో, పెరుగన్నమో సిద్ధంగా ఉంటే సగం సమస్య తీరుతుంది. ఫోన్లో నాలుగింటికి అలారం పెట్టుకోండి, అది పిల్లాడికి కాదు, ఇంట్లో ఉన్నవాళ్లకు.

పోషకాల లెక్క కావాలనుకునేవాళ్లకు జాతీయ పోషకాహార సంస్థ వారి న్యూట్రిఫై ఇండియా నౌ యాప్ ఉంది. ఆ సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల్లో 528 రకాల ఆహారాల విశ్లేషణ ఉంది. విదేశీ యాప్‌లు గోంగూర అంటే తెల్లమొహం వేస్తాయి, ఇది వేయదు. దీనితో పిల్లల భోజనం రోజూ తూచకండి. ఒక మామూలు రోజు మెనూ ఇచ్చి ప్రోటీన్, పీచు ఎంతున్నాయో ఒకసారి చూడండి. రెండు పూటలా అన్నమే కంచం నింపేసి పప్పు నీళ్లగా, కూర చెంచాడే ఉందని చాలా ఇళ్లలో తేలుతుంది.

ప్లేటు ఫొటో తీస్తే కేలరీలు చెప్పే ఏఐ యాప్‌లు ఇప్పుడు బోలెడు. వంకాయ కూరలో నూనె ఎంత పోశారో, ముద్దపప్పులో నెయ్యి ఎంత కలిసిందో ఫొటోలో కనిపించదు. ఆ అంకెను పట్టుకుని పిల్లాడి ముద్ద ఆపకండి.

ఆరో మెట్టు: స్క్రీన్, నిద్ర, ఆట

ఈ మూడూ కలిపి చూడాలి, ఎందుకంటే ఒకటి పెరిగితే ఇంకోటి తగ్గుతుంది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సలహా ప్రకారం రెండేళ్లలోపు స్క్రీన్ వద్దు, 2 నుంచి 5 ఏళ్ల మధ్య రోజుకు గంట, అదీ పెద్దవాళ్లు పక్కన ఉండగా, 5 నుంచి 10 ఏళ్ల మధ్య రెండు గంటల లోపు. నిద్ర 6-12 ఏళ్ల వాళ్లకు 9 నుంచి 12 గంటలు, టీనేజీ వాళ్లకు 8 నుంచి 10. ఆట, పరుగు, సైకిలు, ఏదైనా సరే, సగటున రోజుకు గంట.

పిల్లలకు సొంత ఫోనో ట్యాబో ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ మీ ఫోన్లో వేసుకోండి. పిల్లల ఖాతాను దానికి జోడించి రోజు పరిమితి, రాత్రి ఫోన్ ఆగిపోయే సమయం పెట్టండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ ఇదే పని చేస్తుంది. మీ ఫోనే తీసుకుని వాడుతుంటే డిజిటల్ వెల్‌బీయింగ్‌లో యూట్యూబ్‌కు టైమర్ పెట్టండి. పరిమితి పెట్టే ముందు పిల్లలకు చెప్పి పెట్టండి. కార్టూన్ మధ్యలో చెప్పాపెట్టకుండా ఆగిపోతే ఆ రాత్రి ఇల్లు రణరంగమే. రాత్రి ఫోన్లన్నీ హాల్లోనే ఛార్జింగ్ పెట్టాలన్న నియమం అమ్మానాన్నలకూ వర్తిస్తేనే నిలబడుతుంది.

స్టెప్ కౌంటర్ మీద ఆశలు పెట్టుకోకండి. ఫోన్ జేబులో ఉంటేనే అది అడుగులు లెక్కపెడుతుంది, పిల్లలు స్కూలుకు ఫోన్ తీసుకెళ్లరు, ఆటలో జేబులో పెట్టుకోరు. చేతి బ్యాండ్ కొంటే మొదటి నెల హుషారు, తర్వాత డ్రాయర్‌లో. దానికంటే క్యాలెండర్ యాప్‌లో సాయంత్రం అయిదున్నర నుంచి ఆరున్నర వరకు "ఆట" అని ట్యూషన్‌లాగే ఖాయంగా రాసుకోండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "రోజూ ఈ టైమ్‌కి పిల్లల్ని కిందికి పంపుదాం" అని ఒక్క మెసేజ్ పెడితే, పదివేల అడుగులు చూపించే ఏ యాప్ కంటే ఎక్కువ పరుగు పుడుతుంది. తోటి పిల్లలు ఉంటే ఎవరూ బలవంతపెట్టనక్కర్లేదు.

నానమ్మలు, అమ్మమ్మలు

"పిల్లాడు చిక్కిపోయాడు, తిండి పెట్టట్లేదా?" అనే ఫోన్ ప్రతి ఇంటికీ వస్తుంది. వాళ్లకు గ్రాఫులు పంపితే ఉపయోగం లేదు. డాక్టరు చెప్పిన మాటనే మీ గొంతుతో ఒక నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపండి. వాళ్లకు చేయదగ్గ పని ఒకటి అప్పజెప్పండి: సాయంత్రం గుగ్గిళ్లు, వారాంతం రాగి సంకటి, మజ్జిగ. పెట్టొద్దు అంటే నొచ్చుకుంటారు, ఇది పెట్టండి అంటే అందరికంటే ముందుంటారు.

దించుకోకూడనివి

ఆగస్టు 2019లో అమెరికాలో బరువు తగ్గించే కార్యక్రమాలు నడిపే డబ్ల్యూడబ్ల్యూ (పాత పేరు వెయిట్ వాచర్స్) సంస్థ కర్బో అనే యాప్ తెచ్చింది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లలే తమ తిండిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నమోదు చేయాలి. ఇది పిల్లల్లో తిండి మీద భయం పెంచుతుందని పోషకాహార నిపుణులు అప్పుడే అభ్యంతరం చెప్పారు. 2022 మార్చిలో అక్కడి వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇంకో కారణంతో చర్య తీసుకుంది: 13 ఏళ్లలోపు పిల్లల సమాచారాన్ని తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు 15 లక్షల డాలర్ల జరిమానా. ఆ డేటాతో తయారైన అల్గారిథమ్‌లను కూడా చెరిపేయాల్సి వచ్చింది.

మన దగ్గర 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల డేటాకు తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని చెబుతుంది. చట్టం ఉందని నిశ్చింతగా ఉండక్కర్లేదు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మీరే చూడండి. బరువు రాసుకునే యాప్‌కు కాంటాక్టులు, లొకేషన్ ఎందుకు? పిల్లాడి అసలు పేరు, స్కూలు పేరు ఎందుకు? నిబంధనల్లో 18 ఏళ్లు దాటినవాళ్లకు మాత్రమే అని ఉంటే పిల్లాడి వయసు పెంచి నమోదు చేయకండి, ఆ యాప్ ఇచ్చే కేలరీ లెక్క పెద్దవాళ్లది. ముందు-తర్వాత ఫొటోలు అడిగేవి, "30 రోజుల్లో 5 కిలోలు" అనేవి, పొడి డబ్బాలు అమ్మేవి, పిల్లల మధ్య బరువు తగ్గే పోటీ పెట్టేవి అసలు తెరవకండి.

పిల్లల్లో కొన్ని మార్పులు కనిపిస్తే అన్ని లెక్కలూ అక్కడే ఆపేయాలి: భోజనం మానేయడం, దాచుకుని తినడం, తిన్నాక వెంటనే బాత్‌రూమ్‌కు వెళ్లడం, అద్దం ముందు పొట్ట పట్టుకుని ఏడవడం. ఇలా ఉంటే పిల్లల డాక్టర్‌తో పాటు సైకాలజిస్టును కూడా కలవండి.

ఏడో మెట్టు: నెలాఖరు పదిహేను నిమిషాలు

నెలకోసారి ఒక ఆదివారం ఎత్తు, బరువు కొలిచి గ్రోత్ చార్ట్ యాప్‌లో వేయండి. ఆర్డర్ హిస్టరీ చూసి నూనె, పంచదార, డ్రింకుల వరుసలు మళ్లీ రాయండి. స్క్రీన్ టైమ్ వారపు సగటు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఈ మూడే. ఒక నెల బీఎంఐ కదలకపోయినా కంగారుపడకండి. ఎత్తు కొలతలో ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా అంకె మారిపోతుంది, మూడు చుక్కలు పడితేగానీ గీత ఎటు పోతోందో తెలియదు.

స్కూలు మీటింగుకు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండిని స్కూలు క్యాంటీన్లో, గేటుకు 50 మీటర్ల లోపు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతున్నాయి, అది అమలవుతోందా? సీబీఎస్ఈ స్కూలైతే 2025లో పెట్టమన్న షుగర్ బోర్డు (చక్కెర ఎంత తినొచ్చో, ఏ తిండిలో ఎంతుందో పిల్లలకు చెప్పే బోర్డు) గోడ మీద ఉందా?

మూడు నెలలయ్యాక డాక్టర్ దగ్గరికి ఈ స్క్రీన్‌షాట్లు, చార్టు తీసుకెళ్లండి. గీత వంగుతుంటే డైరీ, స్కానర్ లాంటివి తీసేయొచ్చు. గ్రోత్ చార్ట్ యాప్, స్క్రీన్ పరిమితి మాత్రం ఉంచండి. గీత అలాగే పైకి పోతుంటే ఇంకో యాప్ కోసం వెతక్కండి. ఇంట్లో నిజంగా ఏం మారిందో ఆ ఆర్డర్ చిట్టాల్లో ఉంటుంది, అవి చూపించి థైరాయిడ్, షుగర్, కొలెస్ట్రాల్, లివర్ పరీక్షలు అవసరమో కాదో డాక్టర్నే అడగండి.